బర్త్‌డే కేక్ కొనండి, ఆదివారం కేక్ చేయండి

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఏ పిల్ల పుట్టినరోజు ఫొటో వచ్చినా కింద ఒక ప్రశ్న తప్పదు: "కేక్ ఇంట్లో చేసిందేనా?" అవునంటే వరసగా చప్పట్ల బొమ్మలు, "సూపర్ మామ్" అనే బిరుదు. కాదంటే మర్యాదకి ఒక బెలూన్ బొమ్మ. నాకు బేకింగ్ ఇష్టం. మా ఇంట్లో ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) వారాల తరబడి చల్లగా ఉండటం అరుదు. అయినా మా పిల్లల పుట్టినరోజు కేక్ మాత్రం బేకరీ నుంచే వస్తుంది. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ల ముఖంలో చిన్న జాలి కదులుతుంది, పాపం తీరిక దొరకలేదేమో అన్నట్టు. ఆ జాలితోనే నాకు పేచీ.

ఇంటి కేకే గొప్పదని వాదించేవాళ్లు ముందుగా ఎత్తుకునేది ఆరోగ్యం. "బయట ఏం కలుపుతారో ఏమో, ఇంట్లో అయితే హెల్దీ" అంటారు. సరే, లెక్క వేద్దాం. నేను తరచూ చేసే మామూలు పెరుగు కేక్‌కి ముప్పావు కప్పు పంచదార పడుతుంది, అంటే సుమారు 150 గ్రాములు. పన్నెండు ముక్కలు కోస్తే ముక్కకి 12 గ్రాముల పైమాటే. పంచదార, తేనె, సిరప్‌ల లాంటి వాటి నుంచి వచ్చే శక్తి రోజు మొత్తం మీద 10 శాతం దాటకూడదనీ, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకి 1,300 కేలరీలు తినే నాలుగేళ్ల పిల్లాడికి 10 శాతమంటే 32 గ్రాములు, 5 శాతమంటే 16. పైన క్రీమ్ కూడా పూయని ఇంటి కేక్ రెండు ముక్కలు తింటే చాలు, చిన్న గీత దాటేసి పెద్ద గీతకి దగ్గర పడతాడు. పాలల్లో వేసింది, బిస్కట్లలో ఉన్నది వేరే. పంచదార మన వంటింటి డబ్బాలోంచి వచ్చిందని కడుపు ఏమీ కన్సెషన్ ఇవ్వదు.

ఇక్కడికి వచ్చేసరికి ఎవరో ఒకరు బెల్లం తెస్తారు. మాది అనకాపల్లి వైపు, బెల్లాన్ని చిన్నచూపు చూస్తే మా ఊళ్లోకి రానివ్వరు. మార్కెట్ యార్డులో వరసగా పేర్చిన దిమ్మలు, వాటి మీద ముసిరే తేనెటీగలు, ఆ వాసన, ఇవన్నీ చూస్తూ పెరిగినదాన్ని. అయినా నిజం నిజమే. బెల్లంలో అత్యధిక భాగం పంచదారలో ఉన్న సుక్రోజే. ఇనుము లాంటి ఖనిజాలు కాస్త ఉంటాయి కానీ, వాటి కోసమని పిల్లాడికి బెల్లం కేక్ పెట్టేకంటే గుప్పెడు వేరుశనగలు, ఇంత తోటకూర పప్పు పెడితే చాలా నయం. శొంఠి, యాలకులు దట్టించిన బెల్లం కేక్ రుచికి దానికదే సాటి. రుచి కోసం చేసుకోండి. పైన "నో షుగర్" అని ఫొటోకి క్యాప్షన్ పెట్టకుండా ఉంటే అదే పదివేలు.

గోధుమపిండి సంగతీ అంతే. అందులోని పొట్టు నీళ్లు బాగా పీల్చుకుంటుంది, కేక్ పొంగకుండా అడ్డుపడుతుంది. మైదాతో దూదిలా వచ్చే కేక్ గోధుమపిండితో కొంచెం బరువుగా, గరుగ్గా వస్తుంది. పీచు ఎక్కువ, అది మంచిదే. కానీ పీచు కోసం రోజూ చపాతీ తింటున్నాం కదా. అసలు నష్టం ఎక్కడంటే, "హెల్దీ" అనే ముద్ర పడగానే మన చెయ్యి ఆగదు. "పరవాలేదులే, ఆటా కేకే" అని మూడో ముక్క మనమే వేస్తాం. మైదా, పంచదార కేక్ అని ఒప్పుకున్నవాళ్లు ఒక ముక్కతో డబ్బా మూత పెడతారు.

బేకరీ అంటే భయపడేవాళ్ల దగ్గరా న్యాయం ఉంది. 2024లో కర్ణాటక ఆహార భద్రత విభాగం బెంగళూరు బేకరీల కేకులను పరీక్షిస్తే పన్నెండు నమూనాల్లో కృత్రిమ రంగులు ప్రమాదకర స్థాయిలో తేలాయి. రెడ్ వెల్వెట్, బ్లాక్ ఫారెస్ట్ లాంటివే ఎక్కువ. ఆ వార్త మా గ్రూపులో ఎన్నిసార్లు ఫార్వర్డ్ అయిందో చెప్పలేను. కానీ పరీక్షించినవి మొత్తం 235 అనీ, మిగతా 223 బాగానే ఉన్నాయనీ ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. నాకు ఆ వార్తలో కనిపించింది ఒకటే: ముదురు ఎరుపు, ముదురు నీలం కేకులు అడగొద్దు. వెనిల్లాయో, పైనాపిలో, తెల్లగా ఉన్నది అడిగితే సగం బెంగ తీరిపోతుంది. తమాషా ఏంటంటే, ఇంట్లో చేసిన యూనికార్న్ కేక్‌లోనూ పడేది అవే రంగులు, అదే జెల్ సీసాల్లోంచి. పైగా ఎన్ని చుక్కలు వేస్తున్నారో ఇంట్లో కొలిచేవాళ్లెవరు?

డబ్బు ఆదా అనే వాదన గురించి ఎక్కువ చెప్పను. ఓటీజీ, టిన్నులు, బీటరు, పైపింగ్ నాజిల్స్ సెట్టు, ఒకసారి వాడి ఫ్రిజ్ తలుపులో మరిచిపోయిన ఎసెన్స్ సీసాలు, ఇవన్నీ కలిపిన రోజున బేకరీ బిల్లు చాలా చవగ్గా కనిపిస్తుంది. సరదా కోసం ఖర్చు పెడితే తప్పేముంది? దానికి పొదుపు అని పేరు పెడితేనే నవ్వొస్తుంది.

మూడోది ప్రేమ. నా అసలు గొడవ దీనితోనే. "అమ్మ చేత్తో చేసిన కేక్‌లో ప్రేమ ఉంటుంది" అన్న మాట వినడానికి ఎంత తియ్యగా ఉంటుందో, అర్ధరాత్రి పన్నెండింటికి క్రీమ్ గిన్నె ముందు నిలబడ్డ ఆడమనిషికి అంత బరువుగా ఉంటుంది. మా తోడికోడలిది విజయవాడ. వాళ్ల పాప పుట్టినరోజు మే నెలలో. బయట నలభై పైన ఎండ, రాత్రయినా గోడలు చల్లబడవు. వెన్న ముప్పై రెండు, ముప్పై అయిదు డిగ్రీల మధ్యే కరిగిపోతుంది, అలాంటి ఊళ్లో ఆ నెలలో బటర్‌క్రీమ్ కోట కట్టడమంటే ప్రకృతితో పందెం వేసుకోవడం. తను కట్టింది. హాల్లో ఏసీ ఉంది, వంటింట్లో లేదు. హాలు నుంచి ఫ్రిజ్‌కి, ఫ్రిజ్ నుంచి హాలుకి మోస్తూ, మధ్యలో కరెంటు పోతే కన్నీళ్లు పెట్టుకుంటూ, తెల్లారేసరికి కోట నిలబెట్టింది. సాయంత్రం ఫొటోల్లో కేక్ బ్రహ్మాండంగా ఉంది. తను మాత్రం ఏ ఫొటోలోనూ కళ్లు పూర్తిగా తెరిచి లేదు. పాపకి గుర్తున్నది మ్యాజిక్ షోలో పావురం.

అదే రోజు మా మరిది బెలూన్లు కట్టించాడు, క్యాటరింగ్ వాళ్లతో మాట్లాడాడు. బెలూన్లు బయట నుంచి తెప్పించావేంటి, నోటితో ఊదలేదేంటి, నీ ప్రేమ ఇంతేనా అని అతన్ని ఎవరూ అడగలేదు. బిర్యానీ హోటల్ నుంచి వస్తే తప్పు లేదు. రిటర్న్ గిఫ్టులు బేగంబజార్ నుంచి డజన్ల లెక్కన వస్తే తెలివైన పని. ఒక్క కేక్ దగ్గరికి వచ్చేసరికే కొనడం మాతృత్వానికి మచ్చ ఎలా అవుతుందో నాకు అంతుపట్టదు.

పైగా క్రీమ్ కేక్ నిజంగా చేతివాటం కావాల్సిన పని. దుకాణాల్లో దొరికే మామూలు ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే ఉంటుంది, ఎంత గిలక్కొట్టినా గట్టిపడి నిలబడదు. కనీసం 30, ఇంకా చెప్పాలంటే 35 శాతం కావాలి. అది దొరికినా మన ఎండలకి నిలవదు కాబట్టే బేకరీల వాళ్లు వెజిటబుల్ ఫ్యాట్‌తో చేసిన విప్పింగ్ క్రీమ్ వాడతారు. దాని రుచి నాకు నచ్చదు, నాలుక మీద జిడ్డు పొరలా మిగులుతుంది. కానీ ఎండలో పడిపోకుండా ఉండటం దాని ఉద్యోగం, ఆ ఉద్యోగం అది బాగా చేస్తుంది. గిర్రున తిరిగే టర్న్‌టేబుల్ మీద ఒక్క గీతలో క్రీమ్ నున్నగా లాగే బేకరీ కుర్రాడిని ఎప్పుడైనా చూశారా? వందల కేకులు లాగిన చెయ్యి అది. ఆ పనికి అతనికి డబ్బిచ్చి తెచ్చుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ఇంట్లోంచే ఆర్డర్లు తీసుకునే అమ్మాయిలు కూడా ఇప్పుడు ప్రతి కాలనీలో ఉన్నారు. వాళ్లలో ఒకరికి మీ కేక్ ఆర్డర్ ఇస్తే ఒక ఇంటికి ఆదాయం.

మరి ఇంట్లో ఎందుకు చేయాలి అంటారా? పిల్లల చెయ్యి పడటం కోసం. పుట్టినరోజు కేక్‌లో సరిగ్గా అదే జరగదు. మూడు అంతస్తుల కోట కట్టేటప్పుడు నాలుగేళ్ల వాడు వంటింట్లోకి వస్తే "ముట్టుకోకు, పాడైపోతుంది, పోయి టీవీ చూసుకో" అంటాం. ఎవరి కోసం చేస్తున్నామో వాణ్నే బయటికి పంపేస్తాం. ఏ ప్రత్యేకతా లేని ఆదివారం చేసే కేక్‌కి ఆ టెన్షన్ ఉండదు. అది వంకరగా వచ్చినా చూసే చుట్టాలు లేరు.

మా ఇంట్లో ఆదివారం కేక్ అంటే పెరుగు కేక్. కింది ఫ్లాటు వాళ్లు గుడ్డు తినరు, వాళ్ల పిల్లలు మా ఇంట్లోనే ఉంటారు, అందుకని గుడ్డు లేనిదే అలవాటైంది. ఒక కప్పు పెరుగులో ముప్పావు కప్పు పంచదార వేసి కరిగేదాకా తిప్పడం మా వాడి పని. పెరుగు మరీ చల్లగా ఉండకూడదు, మరీ పులుపూ ఉండకూడదు. తర్వాత ఒకటింపావు టీస్పూను బేకింగ్ పౌడరు, అర టీస్పూను వంటసోడా మా అమ్మాయి కొలిచి వేస్తుంది. చెంచా మీద ఎక్కువైన పొడిని చాకు వెనకవైపుతో గీసేయడం నేర్చుకుంది, ఇప్పుడు నేను ఉప్పు వేస్తుంటే కూడా పక్కన నిలబడి గీసి వేయమంటుంది. వేసి కలిపాక అందరం గిన్నె మీదికి వంగుతాం. మొదట ఏమీ ఉండదు. కాసేపటికి అంచుల వెంట ఆవగింజంత బుడగలు లేస్తాయి, అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ మధ్యకి వస్తాయి, మూడు నాలుగు నిమిషాల్లో పెరుగంతా నురగై పైకి ఉబుకుతుంది. పెరుగులోని పులుపు సోడాతో కలిసి కార్బన్ డయాక్సైడ్ పుట్టింది, అంతే. మా అమ్మాయి స్కూల్లో ఆ పాఠం ఇంకా రాలేదు. వచ్చిన రోజు దానికి బోర్డు మీద ఫార్ములా కంటే ముందు మా స్టీలు గిన్నె గుర్తొస్తుందని నా నమ్మకం.

అర కప్పు నూనె, ఒక టీస్పూను వెనిల్లా, ఆ తర్వాత ఒకటిన్నర కప్పు మైదా జల్లించి రెండు మూడు విడతలుగా. ఇక్కడ గరిటె ఎవరి చేతిలో ఉందన్నది ముఖ్యం. మైదాని ఎక్కువ కలిపితే గ్లూటెన్ (పిండిలోని జిగురు) సాగి కేక్ రబ్బరులా అవుతుంది, పిల్లలకి గరిటె ఇస్తే ఆపరు. నూనె కేక్‌లో ఆ ప్రమాదం కాస్త తక్కువ, నూనె పిండి రేణువులకి పట్టి గ్లూటెన్‌ని అంత తొందరగా సాగనివ్వదు. కొద్దిగా గట్టిగా వచ్చినా టీలో ముంచుకుంటాం. ఆలస్యం మాత్రం చేయకూడదు. పుట్టిన గ్యాస్ ఊరికే పోతుంది, టిన్నులో పోసి 180 డిగ్రీల దగ్గర ముందే వేడెక్కిన ఓటీజీలో పెట్టేయాలి. ముప్పై, ముప్పై అయిదు నిమిషాలు. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు.

ఒక్క విషయంలో మాత్రం నేను కఠినం. గిన్నె నాకనివ్వను. గుడ్డు లేదు కదా అని చాలామంది నాకనిస్తారు, కానీ పచ్చి గుడ్డులోనే కాదు, పచ్చి పిండిలో కూడా రోగం తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు. మైదా వండిన పదార్థం కాదు, పొలంలోంచి మిల్లుకి, మిల్లు నుంచి సంచిలోకి వచ్చింది. ఏడుస్తారు. ఏడవనివ్వండి, అరగంటలో కేక్ వస్తుంది.

ఆ అరగంటే నాకు అన్నిటికంటే విలువైనది. మా పిల్లలకి కావలసిన బొమ్మ పది నిమిషాల్లో గుమ్మం ముందుకొస్తుంది, పాట నచ్చకపోతే మధ్యలో మార్చేస్తారు. ఓటీజీ అద్దం ముందు కూర్చుంటే మాత్రం ఎవరి పలుకుబడీ పనిచేయదు. మధ్యలో తలుపు తీస్తే కేక్ మధ్యలో కుంగిపోతుందని వాళ్లకి తెలుసు, ఎందుకంటే మా వాడు ఒకసారి తీశాడు. లోయలాంటి ఆ కేక్‌ని వాడే ఎంతో గర్వంగా తిన్నాడు.

మా అత్తయ్యగారిది గోదావరి వైపు. మొదట్లో ఓటీజీని అనుమానంగా చూసేవారు. ఒక రోజు కేక్ ఎలా కాలుతుందో మా అమ్మాయి వివరిస్తుంటే విని, "ఇంతోటి దానికి మిషనెందుకే అమ్మాయ్, మేం దిబ్బరొట్టె ఇలాగే కాల్చేవాళ్లం" అన్నారు. మందపాటి గిన్నెలో మినప్పిండి, బియ్యపురవ్వ కలిపిన పిండి పోసి, కింద సన్నని సెగ, పైన మూత మీద నిప్పులు. కింద నుంచీ పై నుంచీ వేడి తగిలి అంగుళాల మందాన లోపలిదాకా ఉడికి, అంచులు ఎర్రగా కరకరలాడేవట. అది ఓవెన్ కాక మరేమిటి? ఇప్పుడు మా ఇంట్లో ఒక ఆదివారం కేక్ అయితే ఇంకో ఆదివారం దిబ్బరొట్టె. తేనెపాకంతో తింటే పిల్లలకి రెండూ ఒకటే. నాకైతే రొట్టెలో మైదా లేదన్న తృప్తి, ఇప్పుడే హెల్దీ వాదనని తిట్టాను కాబట్టి ఆ తృప్తిని పైకి చెప్పుకోను.

పార్టీకి ఇంటి వంట ఏదో ఒకటి ఉండాల్సిందే అనుకునేవాళ్లకి నా ఓటు నాన్‌ఖటాయికి. కప్పు మైదా, పావు కప్పు శనగపిండి, అర కప్పు పంచదార పొడి, అర కప్పు గడ్డ నెయ్యి, యాలకుల పొడి, చిటికెడు సోడా. పార్టీకి రెండు రోజుల ముందే చేసిపెట్టుకోవచ్చు, క్రీమ్ లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు, ఎండకి భయం లేదు. లడ్డూల్లా ఉండలు చుట్టడం ఏ పిల్లకైనా వస్తుంది. బొటనవేలితో మధ్యలో నొక్కితే అదే డిజైను. 170 డిగ్రీల దగ్గర పావుగంట పైన కాస్త. తీసేటప్పుడు మెత్తగానే ఉంటాయి, ఉడకలేదని మళ్లీ లోపల పెట్టకండి, చల్లారాక గట్టిపడతాయి. కాగితం పొట్లంలో నాలుగేసి కట్టి రిటర్న్ గిఫ్టుగా ఇస్తే, ప్లాస్టిక్ పెన్సిల్ బాక్సుల గోల కూడా తప్పుతుంది. పైన జీడిపప్పు అద్దాలనిపిస్తే ఆగండి. వచ్చే పిల్లల్లో అయిదేళ్ల లోపు వాళ్లుంటే గింజ ముక్కలు గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది, నెయ్యి వాసన ఒక్కటే చాలు. ఏడాది నిండని పసివాళ్ల నోటికి తేనె తగిలించకూడదన్నది కూడా మొదటి పుట్టినరోజు హడావిడిలో చాలామంది మర్చిపోతారు.

కేక్ కొన్నా, చేసినా దాన్ని కోసే వేళ మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. కార్డు మీద ఏడు గంటలు అని వేస్తారు, చుట్టాలు ఎనిమిదిన్నరకి వస్తారు, కేక్ కోసేసరికి తొమ్మిది. అప్పటికి పుట్టినరోజు పిల్ల సగం నిద్రలో, మిగతా పిల్లలు సగం ఏడుపులో. సాయంత్రం అయిదింటికి పిలవండి, వచ్చినంతమందితో అయిదున్నరకి కోసేయండి. కాగితం ప్లేటులో కేక్ ముక్క, గుప్పెడు మిక్చరు, ఒక సమోసా పెట్టి పిల్లల్ని ఆడుకోనివ్వండి. పెద్దవాళ్లు తొమ్మిదింటికొచ్చి బిర్యానీ తిన్నా ఎవరికీ నష్టం లేదు.

కొవ్వొత్తుల దగ్గర మా ఇంట్లో ఏటా ఒక చిన్న యుద్ధం. పుట్టినరోజు నాడు వెలిగించిన దీపం నోటితో ఊది ఆర్పడమేమిటని అత్తయ్యగారు. అందరూ ఊదుతారు కదా నానమ్మా అని పిల్లలు. 2017లో అమెరికాలో క్లెమ్సన్ విశ్వవిద్యాలయం వాళ్లు కొలిచి, కొవ్వొత్తులు ఊదితే కేక్ పైపూత మీద బ్యాక్టీరియా సగటున 14 రెట్లు పెరుగుతోందని తేల్చారు. అది చదివి వినిపించినప్పటి నుంచి ఆవిడది పైచెయ్యి అయింది. ఆ తుంపరలతో ఆరోగ్యవంతులకి పెద్ద ప్రమాదమేమీ లేదని పరిశోధకులే అన్నారన్న భాగం మా ఆయన గట్టిగానే చదివారు, ఆవిడ వినిపించుకోలేదు. ఇప్పుడు మధ్యేమార్గంగా పక్కన ఒక కప్‌కేక్ మీద కొవ్వొత్తి పెడుతున్నాం, ఊదినవాళ్లే దాన్ని తినాలి.

పిల్లల చేత కేక్ చేయించడానికి వాళ్ల పుట్టినరోజు కంటే ఇంట్లో పెద్దవాళ్ల పుట్టినరోజులు నయమని ఈ మధ్య అనిపిస్తోంది. తన పుట్టినరోజున పిల్ల మహారాణి, పని చెప్పలేం, చెప్పకూడదు. తాతయ్య పుట్టినరోజున అదే పిల్ల పెద్ద వంటమనిషి, నాన్న అసిస్టెంటు. కొలవడం, కడగడం, గట్టు తుడవడం అన్నీ వాళ్లిద్దరివే, నేను వంటింటి గుమ్మం దాటి లోపలికి వెళ్లను. మా మామగారికి షుగర్. మనవరాలు చేసిందంటే వద్దనలేరు, అత్తయ్యగారు చూస్తుండగా తినలేరు. పోయినసారి చర్చలు జరిగి అగ్గిపెట్టెంత ముక్కకి, ఆ పూట అన్నం మానేసి రెండు పుల్కాలకి ఒప్పందం కుదిరింది. ఆయన రెండో ముక్క ఎప్పుడు తీసుకున్నారో మా వాడికి తెలుసు, చెప్పడు.